రీఫ్ ట్యాంకుకి ఎంత స్కిమ్మర్ కొనాలి అన్నారు, ముందు మీ ఇంట్లో కరెంటు సంగతి చెప్పండి

“అమలాపురంలో మా ఇంట్లో 200 లీటర్ల రీఫ్ ట్యాంకు పెడుతున్నాను. కింద సంప్ ఉంది. ప్రోటీన్ స్కిమ్మర్ ఎంత సైజుది తీసుకోవాలి? పెద్దది తీసుకుంటే ఎప్పటికైనా మంచిదేనా?” అని అడిగారు. (కొత్తవాళ్ల కోసం: రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. సంప్ అంటే ట్యాంకు నీళ్లు దిగి మళ్లీ పైకి వెళ్లే కింది తొట్టె. ప్రోటీన్ స్కిమ్మర్ అంటే నురగతో వ్యర్థాలు తీసే పరికరం.) మాది నరసాపురమండి. నా ట్యాంకు కూడా 200 లీటర్లే, ఆరేళ్లుగా నడుపుతున్నాను. ఇప్పుడున్నది నా మూడో స్కిమ్మర్. మొదటి రెండూ ఎందుకు పోయాయో చెబితే మీ డబ్బు మిగులుతుందని రాస్తున్నాను.

సైజు సంగతి తర్వాత చూద్దాం. కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఏ పంపు ఆగుతుంది, ఏది తిరుగుతూనే ఉంటుంది? ఇది తేలకుండా స్కిమ్మర్ కొనకండి.

మా మావయ్యకి మొగల్తూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. చిన్నప్పటి నుంచి ఆ గట్ల మీద తిరిగినవాణ్ని. రాత్రిపూట కరెంటు పోతే జనరేటర్ వేసి ఏరేటర్లు తిప్పాలి, లేకపోతే తెల్లారేసరికి పంట పోతుంది, ఇది మా ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. స్కిమ్మర్ చేసే పని కూడా గాలినీ నీటినీ కలపడమే. సన్నటి బుడగలు నీళ్లలోంచి పైకి వెళ్తుంటే చేపల వ్యర్థాలు, మిగిలిన మేతలోని ప్రోటీన్లు ఆ బుడగలకి అంటుకుని నురగై స్కిమ్మర్ పైనున్న కప్పులోకి చేరతాయి. అవి కుళ్లకముందే బయటికి పోతాయి. దాంతోపాటు నీటికి ఆక్సిజన్ కూడా అందుతుంది. అందుకని ఇన్వర్టర్ మీద ఒక్క పంపే పెట్టగలిగినప్పుడు నేను స్కిమ్మర్ పెట్టాను. సంప్‌లోంచి నీళ్లు పైకి తోడే రిటర్న్ పంపు 60 వాట్లు. అది కూడా పెడితే బ్యాటరీ తెల్లవార్లూ రాదని వదిలేశాను.

మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. మా వీధిలో కొబ్బరి మట్టలు తీగల మీద పడి కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. మొత్తం ఐదుసార్లట, మర్నాడు పక్కింటివాళ్లు చెప్పారు. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది కాబట్టి మాకెవరికీ మెలకువ రాలేదు. తెల్లవారి మా అమ్మ హాల్లోకి వెళ్లి “ఒరేయ్, ఇల్లంతా నీళ్లురా” అని కేకేసింది. స్కిమ్మర్ కప్పు నుంచి గొట్టం బయట బకెట్లోకి పెట్టాను, రోజూ కప్పు కడిగే పని తప్పుతుందని. ఆ బకెట్ నిండిపోయి, రొయ్యలు పట్టేసిన చెరువు బురద వాసనతో నీళ్లు సోఫా కిందికి చేరాయి.

ట్యాంకు చూస్తే నీటి మట్టం ఎప్పుడూ ఉన్నంతే ఉంది. నాకు ముందు అదే అర్థం కాలేదు. బకెట్ నిండా, నేల నిండా నీళ్లున్నాయి, ట్యాంకులో ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. కానీ పగడాలన్నీ ముడుచుకుపోయాయి. హ్యామర్ కోరల్ లోపలికి లాక్కుని తెల్లటి అస్థిపంజరం అంచులు కనిపిస్తున్నాయి. క్లీనర్ రొయ్య మూలన పక్కకి పడి ఉంది.

మావయ్యకి ఫోన్ చేస్తే టీ కూడా తాగకుండా వచ్చాడు, జేబులో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో సహా. చుక్క వేసి కిటికీ వైపు పెట్టి చూసి “28 పీపీటీ ఉందిరా” అన్నాడు. ముందు రోజు సాయంత్రమే నేను కొలిస్తే 35. (పీపీటీ అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో ఎన్ని పాళ్ల ఉప్పు అని.)

“మా రొయ్యకి 28 అంటే దర్జాగా బతుకుతుంది కదరా, దీనికేమైంది?”

“ఇవి సముద్రం మధ్య రాళ్ల మీద బతికేవి మావయ్యా. 35 అంటే ఎప్పుడూ 35 ఉండాలి. పైగా ఒక్క రాత్రిలో పడిపోయింది.”

ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. కరెంటు పోగానే రిటర్న్ పంపు ఆగింది. పై ట్యాంకులో ఓవర్‌ఫ్లో అంచు వరకూ ఉన్న నీళ్లు, పైపుల్లోవి కలిపి ఓ పది లీటర్లు సంప్‌లోకి దిగాయి. నా సంప్ అడ్డు అద్దాలు లేని సాదా తొట్టె, కాబట్టి మట్టం రెండంగుళాలు లేచింది. ఇన్వర్టర్ మీద తిరుగుతున్న స్కిమ్మర్ అంత లోతులో నురగకి బదులు నీళ్లే పైకి తోసింది. ఆ పది లీటర్లూ గొట్టం ద్వారా బయటికి పోయాక గానీ ఆగలేదు. కరెంటు రాగానే రిటర్న్ పంపు పైకి తోడుకుంది, సంప్‌లో మట్టం పడిపోయింది. ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లు నింపడానికి నేను పెట్టిన ఫ్లోట్ వాల్వ్ తెరుచుకుని డ్రమ్ములోంచి పది లీటర్ల ఆర్ఓ నీళ్లు వదిలింది. ఇలా ఐదుసార్లు. ఉన్నది 230 లీటర్ల ఉప్పునీరు, అందులో 50 లీటర్లు బయటికి, 50 లీటర్ల మంచినీళ్లు లోపలికి. 35 కాస్తా 28 అయింది. ఏ వస్తువూ పాడవలేదు, ప్రతిదీ దాని పని అది సరిగ్గానే చేసింది. వైర్లు కలపడంలో నేను చేసిన తప్పే ఇదంతా.

ఇంకో మాట మావయ్యే అన్నాడు. “ఏరేటర్ చెరువులో తిప్పుతాం గానీ పక్కనున్న బోదె కాలవలో తిప్పుతామా?” నిజమే కదండీ. రిటర్న్ పంపు ఆగాక సంప్‌లో ఎంత గాలి కలిపినా పైనున్న చేపలకి ఒక్క చుక్క చేరదు.

ఉప్పు ఒకేసారి పెంచకూడదు. ఉప్పునీళ్లు కలుపుతూ రోజుకి ఒకటిన్నర పీపీటీ లెక్కన ఐదు రోజుల్లో 35కి తెచ్చాను. క్లీనర్ రొయ్య, నాలుగు టర్బో నత్తలు పోయాయి. క్లౌన్ చేపలు తట్టుకున్నాయి. హ్యామర్ రెండు వారాలకి తెరుచుకుంది. ఆ రోజు నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇప్పుడు నా ఏర్పాటు ఇదండీ. ఇన్వర్టర్ మీద 30 వాట్ల డీసీ రిటర్న్ పంపు, దాంతో పాటు పై ట్యాంకులో ఒక చిన్న బ్యాటరీ ఎయిర్ పంపు. స్కిమ్మర్ మామూలు లైన్ మీదే, కరెంటుతో పాటు ఆగిపోతుంది. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యేలా ఫ్రిజ్‌లకి పెట్టే టైమ్ డిలే పెట్టాను. కప్పు గొట్టం మూసేశాను, పొంగినా సంప్‌లోకే పడుతుంది. సంప్‌లో అడ్డు అద్దాలు వేయించాను, స్కిమ్మర్ ఉన్న గదిలో మట్టం ఎప్పుడూ 20 సెంటీమీటర్లే. ఒక్కో స్కిమ్మర్‌కి ఎంత లోతులో నిలబెట్టాలో దాని కాగితం మీద రాసి ఉంటుంది. కొనేముందు చూడాల్సిన మొదటి అంకె అదే, లీటర్లు కాదు. ఆ లోతు మీ సంప్‌లో కుదరకపోతే ఎంత ఖరీదైనది కొన్నా ఒక రోజు పొంగుతుంది, ఒక రోజు ఎండుతుంది.

ఇక మీరు అడిగిన సైజు. పెద్దది మంచిది కాదు. నా మొదటి స్కిమ్మర్ వెయ్యి లీటర్లకి పనికొచ్చేదని ఒక షాపతను అంటగట్టాడు, “ఒకసారి పెట్టే ఖర్చే కదండీ” అని. అప్పుడు నా ట్యాంకులో నాలుగు చేపలు. నురగ నిలబడాలంటే నీళ్లలో దానికి సరిపడా ప్రోటీన్ ఉండాలి. బుడగలు లేచే అంత వెడల్పు గొట్టంలో నా నాలుగు చేపల వ్యర్థం ఏ మూలకి సరిపోతుంది? కొత్త స్కిమ్మర్ కుదురుకోవడానికి వారం రెండు వారాలు పడుతుంది, అది మామూలే. నేను మూడు నెలలు చూశాను. నురగ మెడ దాకా వచ్చి విరిగిపోయేది. పెట్టె మీద తక్కువ చేపలకి ఇన్ని లీటర్లు, ఎక్కువ చేపలకి ఇన్ని లీటర్లు అని రెండు అంకెలు ఉంటే, ఎక్కువ చేపలకి రాసిన అంకె మీ ట్యాంకుకి దగ్గరగా ఉన్నది తీసుకోండి. ఇప్పుడు నా దగ్గరున్నది నాలుగున్నర అంగుళాల గొట్టం. వారంలో రెండుసార్లు కప్పు కడుగుతాను, కాఫీ డికాషన్ రంగులో దిగుతుంది.

పంపు డీసీదే తీసుకోండి, గాలిని సన్నటి బుడగలుగా చిదిమే ముళ్ల చక్రం (నీడిల్ వీల్) ఉన్నది. వేగం తగ్గించుకోవచ్చు, వోల్టేజీ ఎగుడుదిగుళ్లు అడాప్టరే చూసుకుంటుంది. మన జిల్లాల్లో ప్రతి ఇంట్లో ఒకరు అమెరికాలో ఉంటారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. నా రెండో స్కిమ్మర్ మా అన్నయ్య అక్కడి నుంచి ప్రేమగా తెచ్చాడు. అది 110 వోల్టుల ఏసీ పంపు. కన్వర్టర్ పెడితే వోల్టేజీ మారుతుంది గానీ అక్కడి 60 హెర్ట్జ్ మన దగ్గర 50 హెర్ట్జే. పంపు వేగం ఆరోవంతు పడిపోయి లాగే గాలి తగ్గింది, బుడగలు పెద్దవయ్యాయి. ఎవరైనా తెస్తామంటే 100 నుంచి 240 వోల్టుల అడాప్టర్ ఉన్నదే తెమ్మనండి.

అన్నట్టు, “పక్కనే సముద్రం పెట్టుకుని ఉప్పు ప్యాకెట్లు కొంటావేంటి?” అని నన్ను అడగనివాళ్లు లేరు. మిమ్మల్నీ అడుగుతారు. అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ కలిసేచోట వరదల రోజుల్లో సముద్రం టీ రంగులో ఉంటుంది, ఉప్పు కూడా పలచనే. ఆ నీళ్లు తెచ్చి పోస్తే ఏ స్కిమ్మరూ ఆ ఒండ్రుని తీయలేదు. ఆర్ఓ నీళ్లలో రీఫ్ ఉప్పు కలుపుకోవడమే దారి. అలాగే మన సముద్రంలో తీసిన పగడాలు చవకగా తెస్తామని ఎవరైనా అంటే దయచేసి కొనకండి. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఇంట్లో పెంచి ముక్కలు చేసినవాళ్ల దగ్గర, కాగితాలున్నవి మాత్రమే తీసుకోండి. పగడాల మీద ఇష్టంతోనే కదా ట్యాంకు పెట్టేది. దానికోసం సముద్రంలో వాటిని విరగ్గొట్టడం నాకు తట్టుకోలేని విషయం.

గాలి లాగే సన్నటి గొట్టంలో ఉప్పు పేరుకుంటుంది, పదిహేను రోజులకోసారి గోరువెచ్చటి ఆర్ఓ నీళ్లు లాగించండి. మూడు నెలలకి పంపు విప్పి వెనిగర్‌లో నానబెట్టండి. మేత వేయడంలో మాత్రం చెరువు రైతులా ఉండండి, రెండు నిమిషాల్లో తినేసినంతే.

మీ సంప్‌లో స్కిమ్మర్ పెట్టే గది ఎంత లోతు, అడ్డు అద్దాలు ఉన్నాయా, ఎన్ని చేపలు వేస్తున్నారు, ఇన్వర్టర్ ఎన్ని గంటలు వస్తుంది, ఇవి కింద రాయండి. మోడళ్ల పేర్లు అప్పుడు చెబుతాను.