ఏ దిశలో పెరుగుతోంది?

చిరంజీవికి,

వ్యాసం చదివాను. భాష బాగుంది. రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర మాత్రం కోపం వచ్చింది: "గుణకాల గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారితే పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కాబట్టి ప్రమేయం నెమ్మదిగా పెరుగుతుంది." ఏ దిశలో? ఆ ప్రశ్న వేసుకోకుండా ఎంటైర్ ఫంక్షన్ల (ఏ సంకీర్ణ సంఖ్య పెట్టినా మొత్తం తేలే ఘాత శ్రేణులతో వచ్చే ప్రమేయాల) పెరుగుదల గురించి ఒక్క మాటా రాయొద్దు.

1 − జెడ్ + జెడ్²/2! − జెడ్³/3! + … తీసుకో, జెడ్ సంకీర్ణ సంఖ్య. ధన అక్షం మీద 100 దగ్గర దీని విలువ ఇ⁻¹⁰⁰ (ఇ అంటే దాదాపు 2.718). అటు −100 దగ్గర ఇ¹⁰⁰. గుర్తులు ఎత్తును తగ్గించలేదు, పక్కకు జరిపాయి. ఇంకా గట్టిగా చెప్పొచ్చు. ఈ శ్రేణిలో గుర్తులు నాణెం ఎగరేసి పెట్టినా సరే, 100 వ్యాసార్ధం ఉన్న వృత్తం మీద గరిష్ఠ పరిమాణం ఇ¹⁰⁰కు మించదు, అందులో ఆరో వంతుకు తగ్గదు. కారణం పార్సెవాల్ సూత్రం: వృత్తం మీద ప్రమేయం పరిమాణాన్ని వర్గం చేసి సగటు కడితే, వచ్చేది పదాల పరిమాణాల వర్గాల మొత్తం. వర్గం చేశాక గుర్తు ఎక్కడిది? గరిష్ఠం సగటుకు దిగువన ఉండదు. ఆర్డర్, అంటే ప్రమేయం ఎంత వేగంగా పెరుగుతుందో కొలిచే సంఖ్య, అది కూడా గుణకాల పరిమాణాలతోనే తేలుతుంది.

కొట్టేసుకోవడం నిజమే, దాని ఖరీదు చూపించు. ఆ శ్రేణిలోనే 20 పెట్టి కంప్యూటర్‌తో కూడించు. అతి పెద్ద పదం దాదాపు 4.3 కోట్లు. రావలసిన జవాబు సుమారు 0.000000002. 16 అంకెల లెక్కలో పెద్ద పదాల దగ్గర జారిపోయే చివరి అంకెలే ఆ జవాబంత ఉంటాయి. సరైన జవాబు కావాలంటే అన్నీ ప్లస్ గుర్తులతో కూడి, వచ్చినదానితో 1ని భాగించాలి. ఈ లెక్క వ్యాసంలో ఉండి తీరాలి. అంకెలుంటే పాఠకులు పారిపోతారనే సంపాదకులు చాలామంది. వాళ్లు కోసేశాక మిగిలేది విశేషణాలే. ఒప్పుకోకు.

నువ్వు వదిలేసిన అసలు విశేషం వేరే ఉంది. 1 − జెడ్/2! + జెడ్²/4! − … ఆర్డర్ సగం. ధన అక్షం మీద ఇది −1, 1 మధ్యే ఊగుతుంది. ఆర్డర్ సగం కన్నా తక్కువైతే ఇలా ఒక దిశలో అణగి ఉండే వీలు ఇక లేదు. స్వీడిష్ గణితవేత్త ఆండర్స్ వీమన్ సిద్ధాంతం ప్రకారం, స్థిరం కాని అలాంటి ప్రమేయానికి అంతకంతకూ పెద్దవయ్యే వృత్తాల వరస ఒకటి దొరుకుతుంది. వాటి మీద కనిష్ఠ పరిమాణం కూడా హద్దు లేకుండా పెరుగుతుంది. మూలబిందువు నుంచి బయల్దేరిన ప్రతి కిరణమూ ఆ వృత్తాలన్నిటినీ దాటాల్సిందే. గుర్తులు ఎలా పెట్టినా ఒక్క దిశనైనా అణచలేవు.

హారాల్లో 2!, 4!, 6! తీసి 3!, 6!, 9! పెట్టి చూడు. ఆర్డర్ మూడో వంతు అవుతుంది. జెడ్ 1000 దగ్గర మొదటి పది పదాలు చేత్తో కట్టు, దాదాపు −71.4 రావాలి. ఆ పట్టికను వ్యాసంలో పెట్టి, రెండో పేజీ తిరగరాసి పంపు.