బ్యాక్‌డ్రాప్ మీద పేరు బోర్డు: అడిగారు, చెబుతున్నాం

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మాది గుంటూరు బ్రాడీపేట. వచ్చే ఆదివారం మా మనవరాలికి ఉయ్యాల ఫంక్షన్, మా అపార్ట్‌మెంట్ హాల్లోనే చేస్తున్నాం. ఎనిమిదడుగుల ఇనప స్టాండ్ అద్దెకు తెచ్చి దానికి ప్లాస్టిక్ ఆకుల ప్యానెళ్లు కట్టించాం, రెండు పక్కలా తెల్లటి నెట్ క్లాత్. మా అబ్బాయి పాప పేరుతో యాక్రిలిక్ బోర్డు చేయించాడు, రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు. డబుల్ టేప్ వేసి పెడితే కాసేపటికే ఊడి కిందపడింది. డెకరేషన్ అబ్బాయి గ్లూ గన్‌తో అతికిస్తానంటున్నాడు. బోర్డు కిందే ఉయ్యాల వస్తుంది కాబట్టి నాకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. గ్లూ గన్ వద్దని ఆ అబ్బాయికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. టేప్ అయినా గ్లూ అయినా పట్టుకోవాలంటే వెనకాల నున్నటి గట్టి తలం కావాలి. ఆకుల ప్యానెల్‌లో అలాంటి చోటు ఎక్కడుంది? ఏ రెండు మూడు ఆకుల కొసలకో అంటుకుంటుంది, ఆ ఆకులేమో జాలీకి గుచ్చినవి, లాగితే ఊడొచ్చేవి. పైగా ఆ గ్లూ వేడికి మెత్తబడే రకం.

మీరు చెప్పిన కొలతకి, మూడు మిల్లీమీటర్ల యాక్రిలిక్ అయితే, బోర్డు సుమారు 650 గ్రాములు తూగుతుంది. అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి పసిపాప దగ్గర ఆ బరువు చిన్నదేం కాదు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే: బోర్డు బరువు పూల మీద, ఆకుల మీద, గుడ్డ మీద పడకూడదు, నేరుగా స్టాండ్ పైపు మీద పడాలి. ఎంత అందంగా కట్టినా ఆకులూ గుడ్డా మోసేవి కావు. అవి పైపును కనపడకుండా దాచడానికే ఉన్నాయి.

ముందు బోర్డుకి రంధ్రాలున్నాయో లేదో చూడండి. లేకపోతే ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్‌తో ప్రయత్నించకండి, యాక్రిలిక్ చటుక్కున పగులుతుంది. కట్ చేసిన షాపుకే తీసుకెళ్లి నాలుగు మూలలా, అంచు నుంచి ఒక అంగుళం లోపలికి, చిన్న రంధ్రాలు వేయించండి. అంచుకి మరీ దగ్గరగా వేస్తే బరువుకి అక్కడే చీలుతుంది.

తరవాత తంగూసు దారం కొనండి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారమే. అర మిల్లీమీటరు మందం ఉన్నది తీసుకుంటే ఒక్క పోగే పది కిలోల దాకా ఆపుతుంది, ఫొటోలో అసలు కనపడదు. దీంతో ఒకటే చిక్కు, ముడి జారుతుంది. మామూలుగా పూలమాలకి వేసినట్టు ఒక ముడి వేసి వదిలేస్తే పది నిమిషాల్లో దానంతటదే విడిపోతుంది. రంధ్రంలోంచి దారాన్ని రెండుసార్లు తిప్పి, మూడు ముళ్లు ఒకదాని మీద ఒకటి వేసి, ఒక్కో ముడిని కాస్త తడి చేసి బిగించి, చివర అర అంగుళం తోక వదిలి కత్తిరించండి. పైన కట్టేచోట పైపు నున్నగా ఉంటుంది కాబట్టి దారం పక్కకి జారి బోర్డు ఒరుగుతుంది. ముందే అక్కడ రెండు చుట్లు ఇన్సులేషన్ టేప్ చుట్టి దాని మీద కట్టండి.

పై రెండు రంధ్రాల నుంచి పైపుకి కట్టే రెండు దారాలూ తిన్నగా నిలువుగా దిగాలి. కొంతమంది మధ్యలో ఒకే చోట ముడేసి రెండు మూలలకీ ఏటవాలుగా లాగుతారు, అలా చేస్తే దారం మీదా రంధ్రం మీదా లాగుడు పెరుగుతుంది, ఫ్యాన్ గాలికి బోర్డు గిర్రున తిరుగుతుంది కూడా. ముందు ఎడమవైపు గట్టిగా కట్టేసి, పైపు నుంచి బోర్డు దాకా టేపుతో కొలిచి, కుడివైపూ సరిగ్గా అంతే వదిలి కట్టండి. నేల నుంచి కొలవకండి, ఫొటోలో కంటికి కనపడేది బోర్డు అంచూ స్టాండ్ పై అంచూ సమానంగా ఉన్నాయా లేదా అన్నదే.

ఇంతటితో అయిపోయిందని చాలామంది వదిలేస్తారు. ఆకులు ఉబ్బుగా ఉంటాయి కాబట్టి బోర్డు కింది అంచు ముందుకి తోసుకొచ్చి, లైటు దాని మీద తిరగబడి మెరుస్తుంది, పేరు చదవడానికి రాదు. కింది రెండు రంధ్రాల్లోంచి కూడా దారం వేసి జాలీ సందులోంచి వెనక్కి లాగి వెనకున్న అడ్డ పైపుకో, అది లేకపోతే జాలీకో కట్టండి. ఈ దారాలు బరువు మోయవు, కదలకుండా పట్టుకుంటాయి అంతే, కాబట్టి జాలీ అయినా ఫర్వాలేదు.

ఇక మీ అసలు భయం గురించి. పై రెండు రంధ్రాల్లో ఒక్కోదానికి రెండో దారం విడిగా వేయించండి, మొదటిది తెగినా రెండోది ఆపుతుంది. ఉయ్యాలని బ్యాక్‌డ్రాప్‌కి ఆనించకుండా కనీసం రెండడుగులు ముందుకి జరపండి. అప్పుడు బోర్డు తిన్నగా కిందికి పడినా పాప మీద పడదు, పైగా ఫొటోలో వెనక ఆకులు కాస్త మసకబారి పాప స్పష్టంగా కనపడుతుంది. బోర్డు ఎత్తు విషయంలో, ఉయ్యాల పక్కన నిలబడి అక్షింతలు వేసేవాళ్ల తలలు పేరుని కప్పేస్తాయి కాబట్టి కింది అంచు నేల నుంచి ఆరడుగుల పైనే ఉండాలి. స్టాండ్ కాళ్ల మీద పాత పాతిక కిలోల బియ్యం సంచుల్లో ఇసుక నింపి ముందొకటి వెనకొకటి పెట్టించండి. పిల్లలు ఆ గుడ్డల వెనక దూరి ఆడుకుంటారు, అది ఆపలేం. అలాగే హారతి పళ్లెం, దీపపు కుందులు ఆ నెట్ క్లాత్‌కి కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. అది పాలిస్టర్, నిప్పు తగిలితే కరుగుతూ మండుతుంది. ఈ ఒక్క పనికి ఇంట్లో ఒకరిని ప్రత్యేకంగా కాపలా పెట్టండి.

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ భవానీపురం. మేలో గృహప్రవేశం. డాబా మీద షామియానా వేసి బంతిపూల దండలతో బ్యాక్‌డ్రాప్ కట్టించి, మధ్యలో ఇంటి పేరుతో నియాన్ లైట్ బోర్డు అద్దెకు తెచ్చి పెడదామనుకుంటున్నాం. దండలకే కట్టేయొచ్చా?

జవాబు: దండలకి వద్దు తమ్ముడూ, కారణం పైన చెప్పిందే. బంతి దండలు నీళ్లు చల్లాక ఎంత బరువెక్కుతాయో మీకు తెలుసు, వాటి దారం ఆ బరువుకే తెగడానికి సిద్ధంగా ఉంటుంది. బోర్డుని పైపుకి వేలాడదీసి, ఆ తరవాతే దండలు కట్టించండి.

కరెంటు సంగతి జాగ్రత్త. నియాన్ అని మనం అంటున్నా ఇప్పుడొచ్చేవి ఎల్ఈడీ పట్టీలే, ఎక్కువగా 12 వోల్టులవి, బోర్డు వైపు షాక్ భయం పెద్దగా లేదు. అడాప్టర్ వైపు మాత్రం 230 వోల్టులు ఉంటాయి. దాన్ని పూల మధ్యలో దాచేసి పైనుంచి నీళ్లు చల్లుతారు, అది చాలా ప్రమాదం. అడాప్టర్‌నీ ఎక్స్‌టెన్షన్ బాక్సునీ స్టాండ్ వెనకాల నేలకి ఎత్తుగా, ఒక కుర్చీ మీద పెట్టండి, గుడ్డతో కప్పకండి, అది వేడెక్కుతుంది. దండలు కట్టక ముందే పూలకి నీళ్లు చల్లించండి. వైరు బోర్డు నుంచి కిందికి వేలాడుతూ జాయింట్‌ని లాగకుండా, కేబుల్ టైతో నిలువు పైపుకి అక్కడక్కడా బిగించండి.

గాలి మాట కూడా చెప్పాలి. మేలో మన బెజవాడలో 40 డిగ్రీలు దాటడం మామూలే, ఆ ఎండకి టేపులు, గ్లూలు ఏవీ నిలవవు. సాయంత్రం ఉన్నట్టుండి దుమారం లేస్తే ఎనిమిదడుగుల బ్యాక్‌డ్రాప్ పడవ తెరచాపలా గాలిని పట్టేస్తుంది. ఇసుక సంచులు చాలవు, స్టాండ్ పై మూలలని రెండింటినీ డాబా పిల్లర్లకి తాడుతో కట్టాల్సిందే, పిట్టగోడ సిమెంటు రెయిలింగుకి కట్టొద్దు.

అడగలేదు కానీ ఒక సలహా: గృహప్రవేశం ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది, వచ్చే జనం ఉదయం తొమ్మిది తరవాత. ఆ వెలుతురులో డాబా మీద ఆ లైటు వెలిగిందో లేదో కూడా తెలియదు. రాత్రి భోజనాలు లేకపోతే ఆ అద్దె డబ్బులతో సన్‌బోర్డు అనే తేలికపాటి ఫోమ్ షీటు మీద రంగుల్లో పేరు రాయించండి, అది ఎండలో చక్కగా కనపడుతుంది, బరువూ తక్కువ.

ప్రశ్న: మేడం, నేను గుంటూరులో ఒక స్కూల్లో టీచర్ని. సంక్రాంతి సంబరాలకి థర్మాకోల్ అక్షరాలు కోసి స్ప్రే పెయింట్ కొడితే అవి కరిగి గుంటలు పడ్డాయి. పసుపు రంగు గమ్ము వేసినా అంతే. ఇంకేం వాడాలి?

జవాబు: స్ప్రే పెయింట్‌లోనూ, చెప్పులు అతికించే ఆ పసుపు గమ్ములోనూ ఉండే సాల్వెంట్ థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. నీటి రంగులు, తెల్లటి ఫెవికాల్ అయితే ఏమీ కాదు. కానీ డెకరేషన్‌కి థర్మాకోల్ వాడటం దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం, స్కూల్లో పిల్లల ముందు అదే పెట్టడం నాకు నచ్చదు. ఫ్రిజ్, వాషింగ్ మిషన్ వచ్చిన అట్టపెట్టెలు అడిగి తెచ్చుకోండి. అక్షరాలు కోసి, పాత చీర ముక్కలో కలంకారీ గుడ్డ ముక్కలో ఫెవికాల్‌తో అంటించండి. వెనకాల బ్యాక్‌డ్రాప్ ఈతచాప అయితే ఇంకా మంచిది, దబ్బనంతో దారం దూర్చి ఒక్కో అక్షరాన్నీ రెండు చోట్ల కుట్టేయొచ్చు. అట్ట తేలిక కాబట్టి ఇక్కడ పైపు దాకా పోనక్కర్లేదు, చాపే మోస్తుంది. కుట్టడం అయిపోయాక ఒకసారి హాలు చివరి బెంచీ దగ్గరకెళ్లి చూడండి, అక్కణ్నుంచి చదవడానికి రాకపోతే అక్షరాలు ఇంకా పెద్దవి కావాలి.