నావ ఆకారపు కాన్వాస్ ముడతలు పడితే

అమలాపురం నుంచి అడిగిన మిత్రులకు: నావ ఆకారపు ఫ్రేముకు బిగించి బొమ్మ వేసిన కాన్వాస్ వానలకు వదులై, కొసల దగ్గర ముడతలు పడిందన్నారు. పాడైందని పక్కన పడేయకండి, దయచేసి.

తడిగాలి ఒక్కటే కారణం కాదండి. వంపు దగ్గర మడిచిన గుడ్డ ఒకచోట పోగుపడుతుంది. పిన్నులు ఊడదీసి, వెనక్కి మడిచే అంచులో మాత్రమే అంగుళానికొకటి చొప్పున గాట్లు పెట్టండి. మధ్యలోంచి ఎదురెదురుగా లాగుతూ, కొసలు ఆఖర్న బిగించండి. మీరు వేసింది అక్రిలిక్ కాబట్టి సాగుతుంది. ఎండిన ఆయిల్ రంగైతే ఈ పని చెయ్యమనను, పగుళ్లిస్తుంది. ఫ్రేముకు అడ్డపట్టీ తప్పనిసరి. రావులపాలెంలో నేను చేసిన మొదటి గుండ్రటి ఫ్రేము అది లేకే జూలైకల్లా కోలగా సాగిపోయింది.

ఇక రంగు. కొసల్లో పసుపు చప్పగా ఉందంటున్నారు కదా, ముందువైపు ముట్టుకోకండి. పక్క అంచులకు మెరిసే నారింజ పూసి, తెల్లగోడకు రెండంగుళాల ఎడంగా వేలాడదీయండి. పొద్దుటి ఎండ పడగానే ఆ నారింజ ఛాయ గోడ మీదికి పల్చగా పాకుతుంది, చూడండి.

బొమ్మలోని చారలు ఎటు నడపాలన్న సంగతికి: 1960లో అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా అల్యూమినియం రంగు చిత్రాల్లో కాన్వాస్ అంచులకే గంట్లు కోసి, గీతలను ఆ గంట్ల వెంట తిప్పారు. మీ చారలనూ నావ వంపు వెంటే నడపండి.