సిరిమానుకి ఏ ఫైలు?

ప్రశ్న: రెండేళ్లుగా ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్నాను. నా దగ్గర 24 మెగాపిక్సెళ్ల కెమెరా, ఒకే ఒక్క 64 జీబీ కార్డు ఉన్నాయి. ‘రా’ ఫైళ్ల (కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఫైళ్లు) మాటెత్తితే మా స్టూడియో బాబాయి గారు ‘కార్డు నిండిపోడానికి రా రా అని పిలవడమే’ అని నవ్వుతారు. తోటివాళ్లేమో మామూలు జేపెగ్ ఫైల్లో తీసేవాడు ఫోటోగ్రాఫరే కాదంటారు. ఈసారి పైడితల్లమ్మ సిరిమానోత్సవం (పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ) తీయాలనుంది. ఎందులో తీయమంటారు?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: తమ్ముడూ, మీ బాబాయి మాటలో సగం నిజముంది. నీ కెమెరాలో రా ఫైలు ఒక్కోటి పాతిక, ముప్ఫై ఎంబీ లాగేస్తుంది. మంచి నాణ్యత జేపెగ్ పది ఎంబీకి అటూ ఇటూ. అంటే నీ కార్డులో రా అయితే రెండు వేల చిల్లర, జేపెగ్ అయితే ఆరు వేలు పడతాయి. రాత్రి పెళ్లి తీసి పొద్దున్నే ఫోటోలు చేతిలో పెట్టాల్సినవాడికి జేపెగ్గే దిక్కు.

మిగతా సగం చెప్తాను. మన పలాస జీడిపిక్క చూశావు కదా, రా అలాంటిది. కాల్చి, కొట్టి, పొట్టు తీస్తేగాని నోట్లో పెట్టలేం. జేపెగ్ ఉప్పూకారం జల్లి వేయించిన పప్పు. రంగు, కాంట్రాస్టు, పదును అన్నీ కెమెరాయే వేసేసి, అక్కర్లేదనుకున్న సమాచారం పారేసి ఇస్తుంది. ఉప్పెక్కువైందని తరవాత కడగలేం.

నేను కడగబోయి భంగపడ్డాను. నరసన్నపేట దగ్గర ఒక పెళ్లి. రాత్రంతా పసుపు బల్బుల కింద తీస్తూ వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగులోనైనా తెలుపు తెల్లగా కనబడేలా రంగులు సరిచేసే అమరిక) బల్బు గుర్తు మీద పెట్టాను. తెల్లారి అప్పగింతలు బయట వాకిట్లో. మార్చడం మరిచాను. రెండు వందల ఫోటోలు, అన్నీ జేపెగ్గే. పెళ్లికూతురి పెదనాన్న చూసి ‘ఏటి బాబూ, మా పిల్ల నీలంగా అయిపోనాదేటి?’ అన్నాడు. సరిచేయబోతే బుగ్గల మీద మచ్చలు తేలాయి. చివరికి ఆ పేజీలన్నీ బ్లాక్ అండ్ వైట్ చేసిచ్చి, అదే ఫ్యాషనని చెప్పుకున్నాను. రా అయ్యుంటే వైట్ బ్యాలెన్స్ ఒక్క నొక్కుతో మారేది. రాలో కెమెరా దాన్ని గుర్తుగా రాసుకుంటుందంతే, రంగుల్లో కలిపెయ్యదు.

ఇక సిరిమాను. సాయంత్రం వేళ, మాను కొసన పూజారి, వెనకాల తెల్లటి ఆకాశం. ఆకాశానికి సరిపెడితే ముఖం నల్లబడుతుంది, ముఖానికి సరిపెడితే ఆకాశం ఉత్త తెల్లగా కాలిపోతుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 వెలుగు మెట్లే. 12 బిట్ల రాలో 4,096, 14 బిట్లైతే 16,384. ఆకాశం కాలకుండా తీసి, ఇంటికొచ్చాక ముఖాన్ని వెలుగులోకి లాగడానికి ఆ మెట్లే ఆధారం. జేపెగ్‌ని అంతలా లాగితే చీకట్లో గళ్లు బయటపడతాయి. అది బొమ్మని 8×8 చుక్కల గళ్లుగా కోసి కుదిస్తుంది మరి.

కాబట్టి ఆ రోజుకి రా పెట్టు. గుడికీ కోటకీ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది, అంచేత మొదటి తిరుగుడికే కార్డు ఖాళీ చేసుకోకు. ఒకటి జాగ్రత్త: చిన్న కెమెరాల్లో షట్టర్ నొక్కిపట్టి గబగబా తీస్తే రా ఫైళ్లకి బఫర్ (కార్డుకెక్కేలోపు ఫోటోలు ఆగే కెమెరా లోపలి చోటు) తొందరగా నిండి కెమెరా బిగుసుకుపోతుంది. అమ్మవారు ఎదురుగా వచ్చేసరికి నీ కెమెరా ఎర్రలైటు వెలిగించుకుని కూర్చోకూడదు. రెండేసి, మూడేసి తియ్యి. మర్నాడు స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలకి మళ్లీ జేపెగ్ పెట్టేసుకో. అక్కడ లైటు నీ చేతిలోనే ఉంటుంది.

ప్రశ్న: తేలినీలాపురంలో కొంగల్ని రాలో తీశాను. కెమెరా తెరమీద బాగున్నవి కంప్యూటర్లో చప్పగా ఉన్నాయి. కెమెరా పాడైందా?
- ఒక టీచరు, టెక్కలి

జవాబు: లేదమ్మా. తెరమీద మీరు చూసింది రా ఫైల్లో కెమెరా ఇమిడ్చిపెట్టిన జేపెగ్. కంప్యూటర్లో కనిపించింది ఉప్పు పడని సరుకు. రా ఫైళ్లని సరిచేసే సాఫ్ట్‌వేర్లు డార్క్‌టేబుల్ గాని, రాథెరపీ గాని ఉచితంగానే దొరుకుతాయి. కాంట్రాస్టు, రంగు మీరే వేసుకోండి. మిట్టమధ్యాహ్నం మాత్రం ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుగు) కాస్త తగ్గించి తీయండి. పూర్తిగా కాలిపోయిన తెల్లరెక్కలోంచి ఈకలు రా కూడా తీసివ్వదు.