హ్రుషీన్‌స్కీ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రుడాల్ఫ్ హ్రుషీన్‌స్కీ లాంటి చెక్ నటుడి గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకే నాకు చాలా సంతోషం. ఆ ఇష్టంతోనే చెబుతున్నాను, అందులో నటుడు కనబడలేదు. 1920లో పుట్టడం, ఊరూరా తిరిగే నాటక సమాజం కుటుంబం, 1960 నుంచి ప్రాగ్ నేషనల్ థియేటర్, 1994లో మరణం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఎక్కడ చూసినా 'విలక్షణ నటుడు' అనే రాశావు. ఆ మాట కొట్టేసి, ఆయన ఏం చేశాడో రాయి.

రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకుని చూడు. 1956లో ఆయన చెక్ హాస్య నవలలోని సైనికుడు ష్వేక్. గుండ్రటి ముఖం, అమాయకపు చిరునవ్వు, అధికారి ఎంత అరిచినా చెదరని నెమ్మది. 1969లో యురాయ్ హెర్జ్ తీసిన 'స్పలోవాచ్ మర్ట్‌వోల్'లో శవదహనశాల ఉద్యోగి కోప్‌ఫ్ర్‌కింగల్. అదే ముఖం, అదే నెమ్మది. శవపేటికలో ఉన్నామె జుట్టు దువ్వి, అదే దువ్వెనతో తన తల దువ్వుకుంటాడు. నాజీల మాటలు తలకెక్కించుకుని, సొంత భార్యను ఉరి తీసేటప్పుడు కూడా గొంతు పెంచడు. ష్వేక్‌ను కాపాడిన సౌమ్యమే ఇక్కడ హత్య చేస్తోంది. నా దృష్టిలో ఆయన జీవితచరిత్రకు గుండెకాయ ఇదే. నువ్వేమో ఈ రెండింటినీ జాబితాలో చెరో వరుసలో పెట్టి వదిలేశావు.

ఇక నిషేధం సంగతి. 1968లో చెకోస్లొవాకియాలో సంస్కరణలు ముందుకు సాగాలని కోరిన 'రెండు వేల మాటలు' ప్రకటన మీద సంతకం చేసినందుకు డెబ్బైల తొలి ఏళ్లలో ఆయనకు సినిమా, టీవీ తలుపులు మూసేశారు. కోప్‌ఫ్ర్‌కింగల్ సినిమాను కూడా విడుదలయ్యాక నిషేధించారు, 1989 దాకా అది మళ్లీ తెర మీదికి రాలేదు. ఇదంతా నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగు. ఆయన్ని వీరుణ్ణి చేసి విశేషణాలు తగిలించకు. ఆ రోజుల్లోనూ ఆయన రంగస్థలం మీద ఉన్నాడు. ఆ నటన నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. అందుకని 'అద్భుతం' అనే హక్కు మనకు లేదు. ఆనాటి సమీక్షకులు, తోటి నటులు ఏమన్నారో వెతికి, వాళ్ల పేరుతోనే రాయి.

1990లో పార్లమెంటుకు ఎన్నికైన సంగతికి ఒక వాక్యం చాలు. దానికన్నా, 1985లో దర్శకుడు యిరీ మెంజెల్ తీసిన సినిమాలో ఆయన వేసిన పల్లెటూరి డాక్టర్‌కు ఒక పేరా ఇవ్వు. ఈసారి ఆ నెమ్మది ఎవరి మేలుకు పనికొచ్చిందో చూసి రాసి, మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య