దస్తావేజు అసలుదే, అందులోని మాట సంగతేమిటి?

మీ ప్రశ్న సూటిగా ఉంది: "మత గ్రంథాల్లో ఉన్నది నిజమని ఆధారాలతో రుజువు చేయవచ్చా? చేయలేకపోతే ఎందుకు నమ్మాలి?" నా అనుభవం నుంచి జవాబు చెబుతాను.

నేను దస్తావేజు లేఖరిని. నరసాపురం దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఇంగ్లండు నుంచి 1836లో బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు ఈ డెల్టాలో నాటిన సంఘాలలో ఒకదానికి చెందిన కుటుంబం మాది. అంటే పుట్టుకతో క్రైస్తవుణ్ణి. పెద్దయ్యాక ఆలోచించుకుని కూడా క్రైస్తవుడిగానే ఉన్నాను. ఆదివారం మందిరంలోనూ, మిగిలిన రోజుల్లో రిజిస్ట్రారు ఆఫీసు ముందు అరుగు మీదా నాకు ఎదురయ్యేది ఒకటే ప్రశ్న. రాసి ఉన్న మాటను ఎంతవరకు నమ్మాలి?

ఈ పని నాకు నేర్పినవారు వేదం చదువుకున్న బ్రాహ్మణ పెద్దాయన. ఇప్పుడు లేరు. ఆయన దగ్గర చేరిన రెండో ఏడు ఒక వ్యక్తి పాత ఒప్పందం ఒకటి తెచ్చాడు. తేదీ 1951. కాగితం పసుపుపచ్చగా, మడతల దగ్గర చిరుగులతో, చూడగానే నమ్మేలా ఉంది. గురువుగారు కళ్లజోడు పైకి నెట్టుకుని రెండుసార్లు చదివారు. తరువాత ఒక పంక్తి కింద గోరు ఆనించి నా వైపు తిప్పారు. అక్కడ "నయాపైసలు" అని ఉంది. మన దేశంలో నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. 1951లో రాసినవాడికి ఆ మాట ఎలా తెలుస్తుంది? కాగితాన్ని వాసన చూడమన్నారు. టీ డికాషన్ వాసన అప్పటికీ పోలేదు.

ఆ మనిషి వెళ్లాక ఆయన అన్నారు: "అబ్బాయీ, కాగితాన్ని మూడు అడగాలి. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, రాసింది నిజమేనా. మొదటి రెండింటికీ జవాబు దొరికిందని మూడోది కూడా దొరికినట్టే అనుకోకు."

మీ ప్రశ్నకు నా జవాబులో సగం ఆ మాటలోనే ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 90వ సెక్షన్ ఉండేది. ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజు ఉండవలసిన చోటు నుంచే బయటికి వస్తే, ఆ సంతకం, ఆ చేతిరాత అసలువేనని కోర్టు అనుకోవచ్చు. కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. అయితే కోర్టు అనుకునేది సంతకం గురించే. లోపల రాసిన సంగతులు నిజమని ఆ సెక్షన్ చెప్పదు.

మత గ్రంథాలకు దొరికే ఆధారాలు చాలావరకు ఈ రకానివే. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో, బైబిలులోని యెషయా ప్రవక్త గ్రంథపు చుట్ట దొరికింది. అంతవరకు మన చేతుల్లో ఉన్న హీబ్రూ ప్రతులకంటే అది దాదాపు వెయ్యేళ్లు పాతది. పోల్చి చూస్తే చిన్న చిన్న తేడాలు చాలా ఉన్నా మొత్తం మీద అదే గ్రంథం. లేఖరిగా చెబుతున్నాను, వెయ్యేళ్ల పాటు చేత్తో నకలు తీస్తూ అంత దగ్గరగా నిలబెట్టడం మామూలు పని కాదు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఖురాన్ పత్రాల తోలును కార్బన్ పరీక్ష చేస్తే 568, 645 సంవత్సరాల మధ్యదని తేలింది. అది ముహమ్మద్ ప్రవక్త కాలానికి అతి దగ్గర. రెండూ గొప్ప సంగతులే. కానీ యెషయా చేత దేవుడే పలికించాడా, ఖురాన్‌ను దేవదూత తెచ్చాడా అనేది ఆ తోలు చెప్పదు.

గ్రంథంలోని కొన్ని మాటలను మాత్రం భూమిని తవ్వి సరిచూడవచ్చు. 1961లో ఇజ్రాయెల్‌లోని కైసరయలో దొరికిన రాతి మీద, యేసుకు శిలువ శిక్ష వేసిన రోమా అధికారి పొంతి పిలాతు పేరు ఉంది. 1993లో అదే దేశంలోని తేల్ దాన్‌లో దొరికిన శాసనంలో బైబిలు చెప్పే దావీదు రాజు వంశం ప్రస్తావన ఉందని ఎక్కువమంది పండితులు ఒప్పుకున్నారు. ఇవి చదివినప్పుడు నా గుండె పొంగింది. అదే వరసలో, యెహోషువ నాయకత్వంలో ఇశ్రాయేలీయులు వచ్చినప్పుడు ప్రాకారం కూలిందని బైబిలు చెప్పే యెరికో పట్టణం గురించి కూడా చెప్పకపోతే నేను తప్పుడు సాక్షినవుతాను. 1950లలో కాథ్లీన్ కెన్యన్ అక్కడ తవ్వినప్పుడు, యెహోషువ కాలమని సాధారణంగా చెప్పే సమయానికి కూలవలసిన ప్రాకారం అక్కడ కనబడలేదు. నచ్చినవి మాత్రం ఫైల్లో పెట్టి నచ్చనివి తీసేసేవాణ్ణి మా ఆఫీసు ముందు ఏమంటారో నాకు తెలుసు.

తప్పుడు సాక్ష్యం అన్నాను కాబట్టి నేను చేసిన తప్పు చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం, మోషే వెంట వెళ్తున్నవారిని తరుముతూ మునిగిపోయారని బైబిలు చెప్పే ఐగుప్తు రాజు ఫరో సేన రథచక్రాలు ఎర్ర సముద్రం అడుగున దొరికాయని మందిరంలో ఫొటో చూపించి మాట్లాడాను. ఫోనులో వచ్చింది, నమ్మాను. కూడిక అయ్యాక ఇంటర్ చదివే పిల్లవాడొకడు వచ్చి, "అంకుల్, ఆ చక్రం ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది?" అన్నాడు. గౌరవంగానే అడిగాడు. ఆ రాత్రంతా వెతికాను. పురావస్తు శాస్త్రజ్ఞులు పరిశీలించి ఒప్పుకున్న వస్తువు ఆ కథ వెనుక ఏదీ లేదు. పై ఆదివారం అదే చోట నిలబడి, పోయిన వారం నేను చెప్పినది ఆధారం లేని మాట అని చెప్పాను. ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకున్నారు. నాకు మాత్రం టీ డికాషన్ వాసన గుర్తొచ్చింది. నిజమని నమ్మిన దానికోసమైనా సరే, రంగు పట్టించిన కాగితం పెట్టకూడదు. నాసా రామసేతువును నిర్ధారించిందని తిరిగే సందేశాలను పంపే నా హిందూ మిత్రులకూ ఇదే చెబుతుంటాను.

అసలు కష్టం వేరే చోట వచ్చింది. మా అమ్మకు చదువు రాదు. నరసాపురం చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్లలాగే లేసు అల్లేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని సూది ఆడిస్తూ నా చేత బైబిలు చదివించుకునేది. యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని రాళ్లతో కొట్టడానికి తెస్తారు. పాపం లేనివాడు మొదటి రాయి వేయాలని యేసు అంటాడు. పెద్దవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరే వెళ్లిపోతారు. అక్కడికి వచ్చేసరికి అమ్మ సూది ఆగిపోయేది. "చూశావా, పెద్దవాళ్లే ముందు కదిలారు" అనేది. మా వీధిలో ఒకామెను ఇలాంటి నింద మీదే పెద్దల ముందు నిలబెట్టిన రోజు, అమ్మ ఎవరినీ అడగకుండా వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టింది. నాకప్పుడు పదేళ్లు. పులుసు గిన్నె పట్టుకున్న అమ్మ చేతులు వణకడం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

నలభై దాటాక తెలిసింది, మనకు దొరికిన అతి పాత యోహాను ప్రతుల్లో ఆ కథ లేదని. నాలుగో శతాబ్దపు సినాయ్ ప్రతిలో లేదు, వాటికన్ ప్రతిలో లేదు, అంతకంటే పాత పపైరస్‌లలోనూ లేదు. అది తరువాత చేరిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నా వృత్తి భాషలో చెప్పాలంటే, లింకు దస్తావేజుల్లో, అంటే ఆస్తి చేతులు మారిన పాత కాగితాల్లో, కనబడని ఆస్తి అది. కొన్ని వారాలు నాకు మనసు మనసులో లేదు.

గురువుగారు అప్పటికి బాగా ముసలివారు. వెళ్లి చెప్పుకున్నాను. ఆయన నన్ను ఓదార్చలేదు. శంకరాచార్యులు గీతాభాష్యం చివర రాసిన ఒక మాట చెప్పారు: అగ్ని చల్లనిదని వంద శ్రుతులు, అంటే వేదవాక్యాలు, చెప్పినా అది ప్రమాణం కాదు. వేదం మీద అంత గౌరవం ఉన్న ఆచార్యుడే కంటికి కనబడేదాన్ని వేదంతో కొట్టివేయనివ్వలేదు. ప్రత్యక్షానికీ (కళ్లారా చూసేదానికీ) అనుమానానికీ (తర్కంతో ఊహించేదానికీ) అందే విషయంలో వాటిదే పైచేయి, వాటికి అందని చోటే శాస్త్రం, అంటే వేదం, మాట్లాడాలి. "మీ పుస్తకంలో ఏ వాక్యం ఏ పని చేస్తోందో ముందు విడదీసుకోవయ్యా" అన్నారు. "హద్దుల జాబితానూ ప్రోనోటునూ ఒకే కంటితో చదువుతావా?"

హద్దుల జాబితా అంటే: తూర్పు పుంత, దక్షిణం పంట బోదె, పడమర గోదావరి, ఉత్తరం ఫలానావారి కొబ్బరితోట. వెళ్లి కొలిస్తే నిజమో కాదో తేలుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద తరువాత, లంకల్లో కొందరి చేతుల్లో కాగితం మిగిలింది, పొలం ఏట్లో కలిసింది. కాగితం అసలుదే. పొలం మాత్రం లేదు. ప్రోనోటు అలా కాదు. "మీకు ఇవ్వగలవాడను" అన్న వాక్యాన్ని గొలుసుతో కొలవలేం. సంతకం అసలుదా అని చూడవచ్చు, రాసిచ్చినవాడు ఎలాంటివాడో విచారించవచ్చు. తీరుస్తాడా అనేది గడువు నాడే తెలుస్తుంది. అంతవరకు మన దగ్గర ఉండేది ఆ మనిషి మీద నమ్మకం.

హెబ్రీయుల పత్రికలో విశ్వాసం "అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువు" అని మన తెలుగు బైబిలు అంటుంది. రుజువు అన్న మాట నేను రోజూ వాడేదే కాబట్టి ఆ వాక్యం నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ఇది కోర్టులో చూపే రుజువు కాదు. నా నమ్మకాన్ని మీ ముందు ఆధారంగా పెట్టి "మీరూ నమ్మండి" అనే హక్కు నాకు లేదు. అమ్మ ఆ రోజు అన్నం పెట్టిందన్నది కూడా ఆ కథను యోహానే రాశాడనడానికి ఆధారం కాదు. స్వాధీనం వేరు, హక్కు వేరు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు: గ్రంథంలోని కొన్ని మాటలను సరిచూడవచ్చు, సరిచూడాలి, తేలినదాన్ని ఒప్పుకోవాలి. దేవుడు ఉన్నాడు, మాట ఇచ్చాడు అనే దాన్ని తవ్వి తీయలేం. రెండో ప్రశ్నకు, "ఎందుకు నమ్మాలి" అని నేను చెప్పను. నేను ఎందుకు నమ్ముతున్నానో చెప్పగలను. ఆ మాట ఇచ్చినవాడు సువార్తల్లో నాకు కనబడే తీరు వల్ల. మొదటి శిష్యులు యేసు చనిపోయి తిరిగి లేచాడన్న సాక్ష్యం మీద తమ బతుకులు పెట్టినందువల్ల. పునరుత్థానం జరగకపోతే మన విశ్వాసం వ్యర్థమని పౌలే రాశాడు. తప్పని తేలే అవకాశాన్ని దాచిపెట్టకుండా రాసిన మాట అది. అలా రాసేవాడిని నేను ఎక్కువగా నమ్ముతాను. మీకు ఇది చాలకపోవచ్చు. మీతో నాకు తగవు లేదు.

అమ్మకు ఆ ప్రతుల సంగతి చెప్పాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. ఆమె మంచం పట్టిన ఏడాది, మళ్లీ ఆ అధ్యాయమే చదవమన్నప్పుడు దాచలేక చెప్పేశాను, ఇది పాత ప్రతుల్లో లేదమ్మా అని. చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో లేసు లేకపోయినా వేళ్లు మాత్రం దుప్పటి అంచు మీద అల్లిక అల్లుతూనే ఉన్నాయి.

"ఎవరికో పోగొట్టుకోబుద్ధి కాలేదేమో నాన్నా" అంది చివరికి. "చదువు."

చదివాను.