కాలితో తొక్కి పిండే మాప్ బకెట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి. నడుము వంచకుండా, చేయి తడవకుండా కాలితో తొక్కి తడిగుడ్డ పిండే బకెట్ అది. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పెడల్ తొక్కితే బుట్ట గిర్రున తిరిగే మాప్ బకెట్ కొని ఏడాది కాలేదు. ఇప్పుడు పెడల్ దిగుతుంది గానీ బుట్ట తిరగదు. ఒక్కోసారి టకటకమని చప్పుడు చేసి ఆగిపోతుంది. షాపులో అడిగితే "ఇది బాగుకాదమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నారు. పారేయాల్సిందేనా?
– ఒక గృహిణి, తిరుచానూరు

జవాబు: వెంటనే పారేయకండమ్మా. ముందు లోపం ఎక్కడుందో చూడాలి. చప్పుడును బట్టి చాలావరకు తెలిసిపోతుంది.

పెడల్‌కి తగిలించి నిలువుగా ఒక పళ్ల పట్టీ ఉంటుంది. మీరు తొక్కగానే అది దిగుతూ చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ ఇరుసు మీదే ఉన్న పెద్ద చక్రం బుట్ట కిందున్న మరో చిన్న చక్రాన్ని ఇంకా వేగంగా తిప్పుతుంది. ఉదాహరణకి పట్టీ 11 సెంటీమీటర్లు దిగి, 18 మిల్లీమీటర్ల వ్యాసమున్న చక్రాన్ని తిప్పితే రెండు చుట్లు వస్తాయి. అక్కడినుంచి వేగం నాలుగింతలు చేస్తే ఒక్క తొక్కుకి బుట్ట 8 చుట్లు తిరుగుతుంది. కాలు పైకెత్తినప్పుడు బుట్ట వెనక్కి తిరగకుండా, తిరిగే ఊపు పోకుండా మధ్యలో ఒకవైపే పట్టే క్లచ్ ఉంటుంది. సైకిల్ వెనక చక్రంలో ఉండే ఫ్రీవీల్ చేసే పనే ఇక్కడ ఇది చేస్తుంది. పెడల్‌ని తిరిగి పైకి తెచ్చేది స్ప్రింగు.

పెడల్ గట్టిగా దిగుతూ టకటకమంటే పళ్లు జారుతున్నాయని అర్థం. పళ్లు అరిగి ఉండొచ్చు, లేదా ఇరుసు పట్టే బిళ్ల వదులై చక్రాలు ఎడంగా జరిగి ఉండొచ్చు. ఏ పట్టూ లేకుండా పెడల్ తేలిగ్గా దిగిపోతే లోపం క్లచ్‌లో ఉంది. దిగిన పెడల్ పైకి రాకపోతే స్ప్రింగు తుప్పుపట్టి తెగింది, లేదా కొక్కెం నుంచి ఊడింది. ఖాళీ బుట్ట బాగానే తిరిగి, మాప్ పెట్టగానే ఆగిపోతే బుట్ట అడుగున ఇరుసు తల కూర్చునే గుంట అంచులు అరిగాయి. అప్పుడు బుట్ట ఒక్కటే మారిస్తే సరిపోతుంది. ఇది విడిగా దొరుకుతుంది. పాత బుట్టను వెంట తీసుకెళ్లి గుంట ఆకారం, కొలత సరిచూసి కొనండి.

విప్పే పద్ధతి ఇది. నీళ్లు ఒంపేసి, బుట్టను నిటారుగా పైకి లాగండి. బకెట్ బోర్లించి అడుగు మూత స్క్రూలు తీయండి. విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసుకుంటే, మళ్లీ బిగించేటప్పుడు ఏ చక్రం ఎటువైపో వెతుక్కోనక్కర్లేదు. లోపల వెంట్రుకలు, ఇసుక, దారప్పోగులు చుట్టుకుని ఉంటాయి. పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. క్లచ్ బిళ్ల మురికితో బిగుసుకుపోయి పట్టడం మానేయడం మామూలే. శుభ్రం చేయగానే మళ్లీ పని చేసిన సందర్భాలు ఎక్కువ. పళ్ల మీద పల్చగా సిలికాన్ గ్రీజు రాయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టి జిగురైపోతుంది. స్ప్రింగు తెగితే అదే పొడవు, అదే లావు ఉన్న స్టెయిన్‌లెస్ స్ప్రింగును హార్డ్‌వేర్ షాపులో తీసుకోండి. పళ్ల చక్రం పళ్లు విరిగితే మాత్రం ఆ షాపువాళ్లు చెప్పిందే నిజం. ఆ ముక్క విడిగా దొరకడం కష్టం.

వాడకంలో ఒక మాట. బుట్ట అంచు మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉండి నిమిషానికి 300 చుట్లు తిరిగితే, నీటిబొట్టు మీద దాని బరువుకి పదింతల బలం పడుతుంది. 600 చుట్లయితే నలభై ఇంతలు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలన్నమాట. అందుకే నెమ్మదిగా ఐదుసార్లు తొక్కేకంటే చురుగ్గా రెండుసార్లు తొక్కితే గుడ్డ బాగా ఆరుతుంది. కర్ర నిటారుగా ఉండాలి, కిందికి నొక్కకూడదు. నొక్కితే ఆ బరువంతా ఇరుసు మీద, పళ్ల మీద పడుతుంది. పళ్లు అరిగేది ఎక్కువగా దీనివల్లే.

ప్రశ్న: మాది రైల్వేస్టేషన్ దగ్గర లాడ్జి. యాత్రికుల రద్దీ రోజుల్లో గదులు ఖాళీ అయిన వెంటనే తుడిచి ఇవ్వాలి. పెడల్ బకెట్లు తెప్పించాం. తొక్కగానే బకెట్ ఒరుగుతోంది, లేదా చక్రాల మీద జారిపోతోంది. కుర్రాళ్లు విసుగెత్తి మళ్లీ చేత్తోనే పిండుతున్నారు.
– లాడ్జి మేనేజరు, తిరుపతి

జవాబు: కుర్రాళ్ల తప్పేం లేదు, బకెట్ కొలతల్లోనే లోపముంది. లెక్క చూడండి. బకెట్ 3 కిలోలు, అందులో నీళ్లు 8 లీటర్లు, మొత్తం 11 కిలోలు. ఆ బరువు మధ్యభాగం పెడల్ వైపు అంచు నుంచి 15 సెంటీమీటర్లు లోపల ఉందనుకోండి. 11ని 15తో గుణిస్తే 165. బకెట్‌ని నిలబెట్టేది ఇదే. పెడల్ అంచుకి 10 సెంటీమీటర్లు బయటికి పొడుచుకొచ్చి, దాని మీద 20 కిలోల బలంతో తొక్కితే 200. ఒరగదోసేది ఎక్కువైంది కాబట్టి బకెట్ ఒరిగి తీరుతుంది. నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా సులువుగా ఒరుగుతుంది.

బకెట్ అడుగున పెడల్ వైపు 7 సెంటీమీటర్లు బయటికి వచ్చేలా రెండు ఇనుప పాదాలు బిగిస్తే చాలు. అప్పుడు పెడల్ పాదానికి బయట 3 సెంటీమీటర్లే ఉంటుంది. ఒరగదోసేది 60కి పడిపోతుంది, నిలబెట్టేది 242కి పెరుగుతుంది. వెల్డింగు షాపులో గంట పని. ఆ పాదాల కిందే రబ్బరు దిమ్మెలు వేయించండి, పెడల్ వైపు చక్రాలు తీసేయండి. పెడల్‌కి ఎదురువైపు రెండు చక్రాలే ఉంచి, బకెట్‌ని వాలుగా ఎత్తి నడిపించుకోవాలి. నాలుగు చక్రాలూ ఉండాల్సిందేనంటే పెడల్ వైపువి బ్రేకు ఉన్నవి వేయించండి. అయితే పని తొందరలో ఆ బ్రేకు వేసేవాళ్లు తక్కువ. అందుకే మా ఓటు రబ్బరు పాదాలకే.

మీ పనికి తిరుగుడు బుట్ట కంటే రెండు రోలర్ల మధ్య నొక్కే రకం నయం. లాడ్జిలో వాడే పొడుగు నూలు మాప్ నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. అంత బరువును ప్లాస్టిక్ పళ్లు ఎక్కువ కాలం మోయలేవు. ఇంకో సంగతి. తలనీలాలు ఇచ్చి వచ్చిన యాత్రికుల గదుల్లో పొట్టి వెంట్రుకలు రాలుతుంటాయి. అవి మాప్‌తోపాటు వచ్చి ఇరుసు చుట్టూ చేరి బిగుసుకుంటాయి. ముందు పొడిగా చీపురుతో ఊడ్చి, ఆ తర్వాతే తడిమాప్ పెట్టమని కుర్రాళ్లకి చెప్పండి. వారానికోసారి రోలర్ల చివర్లు చూసి, చుట్టుకున్న వెంట్రుకల్ని బ్లేడుతో కోసి తీయించండి.

పిండిన మురికినీళ్లు మళ్లీ అదే బకెట్లో పడితే ఎన్నిసార్లు తుడిచినా నేల మీద చారలు మిగులుతాయి. ఒక బకెట్లో నేల తుడిచే మందు కలిపిన మంచినీళ్లు, పిండటానికి వేరే బకెట్ పెట్టుకోవాలి. పాలిష్ చేసిన గ్రానైటు, నున్నటి టైల్సు మీద ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్న: సార్, ఫైనలియర్ ప్రాజెక్టుకి కాలితో నొక్కే రోలర్ బకెట్ తయారు చేయాలనుకుంటున్నాం. లివరు కొలతలు, వాడాల్సిన సామాను, జాగ్రత్తలు చెప్పండి. దీన్ని మొదట ఎవరు చేశారు?
– పాలిటెక్నిక్ విద్యార్థి, చిత్తూరు

జవాబు: చివరి ప్రశ్న ముందు ముగిద్దాం. 1893లో అమెరికాలో థామస్ స్టీవర్ట్ పేటెంటు పొందిన మాప్‌లో గుడ్డ పిండే లివరు కర్రకే ఉండేది. స్పెయిన్‌లో 1956లో విమాన ఇంజనీరు మాన్యువెల్ హలోన్ కొరోమినాస్ రోలర్లున్న బకెట్‌ని, దాంతోపాటు కర్ర మాప్‌ని తెచ్చారు. ఆ తొలి బకెట్లలో రోలర్లను పెడల్‌తో నొక్కేవారు. తర్వాత్తర్వాత వాటి చోట చిల్లుల ప్లాస్టిక్ గరాటు వచ్చింది.

ఇక మీ పని. రెండు రోలర్లలో ఒకటి కదలకుండా, రెండోది లివరుకి బిగించి ఉండాలి. తెరిచినప్పుడు మధ్య ఖాళీ సుమారు 50 మిల్లీమీటర్లు, మూసినప్పుడు 8 నుంచి 10 చాలు. అంటే కదిలే రోలర్ 40 మిల్లీమీటర్లు జరగాలి. లివరు కీలు నుంచి పెడల్‌కి 300, రోలర్‌కి 100 మిల్లీమీటర్లు పెట్టండి. 20 కిలోలతో తొక్కితే రోలర్ దగ్గర 60 కిలోలు పడతాయి. రోలర్ పొడవు 20 సెంటీమీటర్లు అయితే సెంటీమీటరుకి 3 కిలోలు. నూలు మాప్ పిండటానికి దీంతో మొదలుపెట్టి, గుడ్డ ఎంత ఆరిందో చూసుకుని సరిచేసుకోండి. బలం మూడింతలైంది కాబట్టి కాలు కూడా మూడింతలు, అంటే 120 మిల్లీమీటర్లు దిగాలి. లివరు ఇంకా పొడవు చేస్తే బలం పెరుగుతుంది గానీ మోకాలు మరీ పైకి ఎత్తాల్సొస్తుంది. పైకున్నప్పుడు పెడల్ నేల నుంచి 18 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి.

రోలర్లు కచ్చితంగా తిరగాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. తిరగని రాడ్ల మధ్య 60 కిలోల నొక్కుడులో మాప్ లాగితే, రాపిడి గుణకం 0.3 అనుకున్నా, రెండు వైపులా కలిపి 36 కిలోల లాగుడు కావాలి. మాప్ దారాలు తెగుతాయి, బకెట్ పైకి లేస్తుంది. రోలర్లు తిరిగితే ఆ లాగుడు బాగా తగ్గుతుంది. 10 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రాడ్, నైలాన్ బుష్‌లు, పైన 40 మిల్లీమీటర్ల గట్టి పీవీసీ పైపు వాడండి. పైపు రెండు చివరలా లోపల నైలాన్ బిళ్లలు లేత్ మీద తిప్పించి బిగించాలి.

ఇలాంటి ప్రాజెక్టుల్లో ముందుగా పాడయ్యేది కీలు. పిన్ను మాత్రం విరగదు. పెడల్ 20, రోలర్ 60 కలిపి కీలు మీద పడేది మహా అయితే 80 కిలోలు, ఒక్కో వైపు 40. 10 మిల్లీమీటర్ల పిన్నుకి అది లెక్కే కాదు. కానీ ఆ పిన్ను కూర్చునే రేకు మందం 1.2 మిల్లీమీటర్లే అనుకోండి. పిన్ను ఆనే చోటు 12 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. మురికినీటిలోని ఇసుక తోడై రంధ్రం కోలగా సాగిపోతుంది. లివరు వంకరై రోలర్లు ఒక చివరే కలుస్తాయి, మాప్ సగమే పిండుతుంది. అందుకని రంధ్రం దగ్గర రెండు వైపులా 6 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ వెల్డు చేయండి. ప్లాస్టిక్ బకెట్‌కి తిన్నగా కీలు బిగించే ఆలోచన ఉంటే మానుకోండి. రంధ్రం దగ్గర పగులుతుంది.

కొందరు పెడల్ మీద ఎక్కి నిలబడతారు. 60 కిలోల మనిషి నిలబడితే రోలర్ దగ్గర 180 కిలోలు. అందుకే రోలర్లు మూసుకున్న చోటికి సరిగ్గా పెడల్ కింద ఒక రబ్బరు దిమ్మె పెట్టండి. అక్కడినుంచి అదనపు బరువు అడుగు చట్రంలోకి పోతుంది, రోలర్లకి ఎక్కదు. దిమ్మె ఎత్తు స్క్రూతో సర్దుకునేలా ఉంటే మాప్ మందాన్ని బట్టి మార్చుకోవచ్చు. వెనక్కి లాగే స్ప్రింగు పెడల్‌నీ లివరునీ ఎత్తగలిగితే చాలు, 2, 3 కిలోల బలం సరిపోతుంది. మరీ గట్టిది వేస్తే తొక్కేవాళ్లు సగం శక్తి స్ప్రింగుకే ధారపోయాలి. బకెట్ ఒరగడం గురించి పై జవాబులో ఉన్న లెక్క మీ రిపోర్టులోనూ వేయండి. వైవాలో అడిగే అవకాశం ఉంది.

ప్రశ్న: మాకు బోరు నీళ్లే. స్టీలు బుట్ట మీద తెల్లటి పొర కట్టింది, చిల్లులు పూడిపోతున్నాయి.
– శ్రీకాళహస్తి

జవాబు: లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి, బుట్టను అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. పొర మందంగా ఉంటే మళ్లీ ఒకసారి. టాయిలెట్లకి వాడే యాసిడ్ వాడితే స్టీలు పాడవుతుంది. బ్లీచింగు నీళ్లు కూడా ఎక్కువసేపు నిలవుంటే స్టీలు మీద చుక్కచుక్కలుగా గుంటలు పడతాయి, కాబట్టి వాడిన వెంటనే మంచినీళ్లతో కడగండి. బ్లీచింగుతో యాసిడ్‌ని గానీ, నిమ్మ ఉప్పుని గానీ ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు పుడుతుంది.

ప్రశ్న: అమ్మకి మోకాళ్ల నొప్పులు. పెడల్ బకెట్ కొనివ్వచ్చా?
– పలమనేరు

జవాబు: తొక్కేటప్పుడు మనిషి బరువంతా రెండో కాలి మీద పడుతుంది, అదీ తడినేల మీద. కాబట్టి నిలబడి తొక్కే రోలర్ రకం వద్దు. తిరుగుడు బుట్టకి తక్కువ బలం సరిపోతుంది కాబట్టి, స్టూలు మీద కూర్చుని తొక్కే వీలుంటే అది కొనొచ్చు. కొనేముందు షాపులోనే అమ్మగారిని కూర్చోబెట్టి తొక్కించి చూడండి. లేదంటే పెడల్ లేకుండా, కర్రను పైనుంచి చేత్తో నొక్కితే బుట్ట తిరిగే రకం తీసుకోండి. బకెట్లో నీళ్లు 4 లీటర్లు దాటనివ్వకండి. ఒంపడానికి అడుగున బిరడా ఉన్న బకెట్ అయితే ఎత్తే పనే ఉండదు.